రాబర్ట్ స్మాల్స్: ఓడ ఎత్తుకొచ్చిన కథ అందరూ చెప్తారు, ఎమ్మెల్యేగా ఏం చేశాడో ఎవరూ చెప్పరేంటి?

షార్లెట్_శీను

మొన్న లాంగ్ వీకెండ్‌కి పిల్లల్ని వేసుకుని సౌత్ కరోలినాలో బ్యూఫర్ట్ వెళ్లొచ్చాం (నార్త్ కరోలినాలో ఇదే స్పెల్లింగ్‌తో ఇంకో ఊరుంది, దాన్ని బోఫర్ట్ అంటారు, తప్పు పలికితే గ్యాస్ స్టేషన్‌లో వాడు కూడా సరిచేస్తాడు). ఇంట్లో బీచ్ అని చెప్పా గానీ నేను వెళ్లింది ప్రిన్స్ స్ట్రీట్‌లో 511 నంబరు ఇంటి కోసం. వరండాలున్న రెండంతస్తుల పెద్ద ఇల్లు. రోడ్డు మీద నిలబడి చూడ్డమే, లోపలికి పోలేదు.

1839 ఏప్రిల్ 5న ఆ ఇంటి వెనక బానిసలుండే గదిలో పుట్టాడు రాబర్ట్ స్మాల్స్. తల్లి లిడియా ఆ ఇంట్లో పనిమనిషి, యజమాని హెన్రీ మెకీ. పాతికేళ్లు నిండకుండా అదే ఇల్లు, వెనక గది కాదు ముందున్న పెద్ద ఇల్లే, పన్నులు కట్టలేదని ప్రభుత్వం వేలం వేస్తే కొనుక్కుని తల్లిని తెచ్చి అందులో పెట్టాడు. నాకు అదే పెద్ద సినిమా అనిపించింది గానీ ఊళ్లో ఎవర్ని అడిగినా ఓడ ఓడ అంటారు. ఆ ఓడ గొడవ ఒక్క రాత్రి. ఆ తర్వాత యాభై ఏళ్లు బతికాడు, అందులో ఆరేళ్లు రాష్ట్ర అసెంబ్లీలోనే ఉన్నాడు, రెండుసార్లు రాజ్యాంగం రాసే సభలో కూర్చున్నాడు, ఐదుసార్లు కాంగ్రెస్‌కి (అంటే అమెరికా పార్లమెంటుకి) వెళ్లాడు, జైలు శిక్ష పడింది. దాని గురించి మాట్లాడదామని ఈ త్రెడ్.

కోనసీమ_కొబ్బరాకు

శీనుగారూ, మాకు ఆ ఓడ కథే తెలీదండి బాబూ. అందరికీ తెలుసని మీరనేసుకుంటే ఎలా. ముందు అది చెప్పి తర్వాత ఎమ్మెల్యే దగ్గరికి రండి, మా నాన్నగారు యానాం వైపు లాంచీ సరంగుగా చేశారు, ఓడ అంటే నాకు చెవులు నిక్కపొడుచుకుంటాయి.

షార్లెట్_శీను

@కోనసీమ_కొబ్బరాకు మీ నాన్నగారు సరంగు అంటే ఇది మీకే చెప్పాలండీ. స్మాల్స్ కూడా సరంగే, కానీ ఆ మాట అనేవాళ్లు కాదు. పైలట్ అనే పేరు తెల్లవాళ్లకే, నల్లవాడు ఎంత బాగా నడిపినా వాడు 'వీల్‌మ్యాన్', అంటే చక్రం తిప్పేవాడు, అంతే.

పన్నెండేళ్లప్పుడే మెకీ ఇతన్ని చార్ల్స్‌టన్ పంపించి కూలికి తిప్పాడు. హోటల్లో, వీధి దీపాలు వెలిగించే పనిలో, తర్వాత రేవులో. చివరికి ప్లాంటర్ అనే ఓడ మీద చేరాడు, నెలకి 16 డాలర్లు, అందులో 15 యజమానికి పోవాలి. పెళ్లాం హానా హోటల్లో పనిచేసేది, ఆవిడది ఇంకో యజమాని, ఆవిడనీ కూతుర్నీ విడిపించుకోవాలంటే 800 డాలర్లు అడిగాడు, ఇతని దగ్గర పోగైంది వంద. మిగతా ఏడొందలు ఎప్పటికి తీరతాయో లెక్క మీరే వేసుకోండి.

యుద్ధం వచ్చింది, బానిసత్వం గొడవ మీద అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ జరిగిన అంతర్యుద్ధం. పత్తి మోసే ప్లాంటర్‌ని దక్షిణాది సైన్యం తీసుకుంది. 1862 మే 12 రాత్రి కెప్టెన్ రెల్యీ, మిగతా తెల్ల ఆఫీసర్లు రూల్స్ పక్కనబెట్టి ఇళ్లకి పోయారు. తెల్లారగట్ల మూడింటికి స్మాల్స్, తోటి నల్లవాళ్లు బాయిలర్ రాజేసి ఓడ కదిపారు. ఇంకో రేవు దగ్గర దాక్కున్న భార్యల్ని, పిల్లల్ని ఎక్కించుకున్నారు, మొత్తం 16 మంది. ఇప్పుడు చార్ల్స్‌టన్ హార్బర్లో ఒక కోట తర్వాత ఒక కోట, ప్రతిదాని ముందూ సీటీ సిగ్నల్ ఇవ్వాలి, తేడా వస్తే ఫిరంగే. కెప్టెన్ గడ్డి టోపీ నెత్తిన పెట్టుకుని, కెప్టెన్ నిలబడేలాగే చేతులు కట్టుకుని, చీకట్లో మొహం కనపడకుండా నిలబడ్డాడు. ఫోర్ట్ సమ్టర్ ముందు నుంచి నాలుగున్నర ప్రాంతంలో, హడావుడి లేకుండా, రోజూ పోయే వేగంతోనే. ఫిరంగి అందనంత దూరం పోయాక దక్షిణాది జెండా దించి తెల్ల దుప్పటి ఎగరేశారు, అది హానా హోటల్ నుంచి తెచ్చిన దుప్పటి. అవతల ఉత్తరాది ఓడ ఆన్‌వర్డ్ గుళ్లు పేల్చడానికి రెడీ అయిపోయి ఆ దుప్పటి చూసి ఆగింది.

ఓడ మీద ఫిరంగులు, సిగ్నల్ కోడ్ పుస్తకం కూడా ఉన్నాయి. బహుమతిగా 1500 డాలర్లు వచ్చాయి. ఓడ విలువ తక్కువ కట్టారని దశాబ్దాలు కొట్లాడితే 1900లో ఇంకో 3500 ఇచ్చారు.

కోనసీమ_కొబ్బరాకు

అమ్మబాబోయ్. చేతులు కట్టుకుని నిలబడ్డం దగ్గర నాకు ఒళ్లు జలదరించిందండి. మా నాన్నగారు అనేవారు, పక్కన పోయే లాంచీని మొహం చూసి గుర్తుపట్టరురా, సరంగు నిలబడ్డ తీరు చూసి గుర్తుపడతారు అని. ఈయనకి ఆ సంగతి బాగా తెలిసుండాలి.

ఓరుగల్లు_పోరడు

అన్నా మస్తు చెప్పినవ్ గని గిదంతా నువ్వద్దన్న ఓడ కథే గదనే 😀 ఎమ్మెల్యే ముచ్చట ఏడికి వొయింది? చదువుకోని మనిషి అసెంబ్లీల ఏం జేసిండు, జెర చెప్పు.

షార్లెట్_శీను

హహ దొరికిపోయా. సరే.

చదువు అన్నావు కదా, అక్కడే ఉంది అసలు సంగతి. సౌత్ కరోలినాలో బానిసకి చదవడం రాయడం నేర్పితే నేరం, 1834లో చట్టమే చేశారు. ఇతనికి పాతికేళ్లొచ్చేదాకా అక్షరం ముక్క రాదు. 1864లో ప్లాంటర్‌ని మరమ్మతుకని ఫిలడెల్ఫియా తీసుకెళ్లాడు (అప్పటికి దానికి కెప్టెన్ ఇతనే, ఉన్న కెప్టెన్ గుళ్ల వానకి భయపడి బొగ్గు గదిలో దూరితే ఇతను ఓడని బయటికి లాక్కొచ్చాడు, ఆ పోస్టు అలా వచ్చింది). అక్కడున్న నెలల్లో మాస్టార్లని పెట్టుకుని చదవడం నేర్చుకున్నాడు. ఆ ఊళ్లోనే ట్రామ్ బండిలో నల్లవాడివి కూర్చోకూడదు దిగమన్నారు, యుద్ధ వీరుడని పేపర్లన్నీ రాసిన మనిషిని. అది పెద్ద గొడవై 1867లో పెన్సిల్వేనియాలో ట్రామ్‌లలో ఆ వివక్ష తీసేశారు.

ఇక 1868 జనవరి. చార్ల్స్‌టన్‌లో కొత్త రాజ్యాంగం రాయడానికి సభ కూర్చుంది, డెలిగేట్లలో ఎక్కువమంది నల్లవాళ్లే, చాలామంది మూడేళ్ల కిందటిదాకా ఎవడో ఒకడి ఆస్తి. బ్యూఫర్ట్ తరఫున స్మాల్స్ ఉన్నాడు. పైసా ఫీజు లేకుండా అన్ని వర్గాల పిల్లలకీ బడులు తెరవాలి, పిల్లల్ని బడికి పంపడం తప్పనిసరి చెయ్యాలి అని తీర్మానం పెట్టాడు. అది రాజ్యాంగంలోకి ఎక్కింది. అంతకుముందు ఆ రాష్ట్రంలో పేద తెల్లోడి పిల్లలకి కూడా చెప్పుకోదగ్గ బడి లేదు.

నాలుగేళ్ల కిందటే అక్షరాలు దిద్దిన మనిషి ఆ తీర్మానం పెట్టాడు. అది నాకు ఓడ కంటే పెద్ద విషయం.

డేటా_దుర్గ

నేనొకటి కలుపుతాను. అదే సంవత్సరం 1868లో రాష్ట్ర ప్రతినిధుల సభకి ఎన్నికయ్యాడు, 1870లో రాష్ట్ర సెనేట్‌కి వెళ్లి 1874 దాకా ఉన్నాడు. సెనేట్ అంటే మన శాసన మండలి అనుకోకండి, అక్కడ నేరుగా ఓట్లేసి ఎన్నుకుంటారు. ఆ రోజుల్లో దేశం మొత్తం మీద కింది సభలో నల్లజాతి సభ్యులు మెజారిటీ ఉన్న రాష్ట్రం అదొక్కటే.

పోలిక కోసం చెప్తున్నా, సరిగ్గా ఆ కాలంలో మన తెలుగువాళ్ల సంగతేంటంటే గాజుల లక్ష్మీనర్సు శెట్టి గారు 1863లో మద్రాసు లెజిస్లేటివ్ కౌన్సిల్‌లో ఉన్నారు. ఎంత గొప్పాయనో వేరే చెప్పక్కర్లేదు, పన్నుల కోసం రైతుల్ని చిత్రహింసలు పెడుతున్నారని అర్జీలు పెట్టి ఇంగ్లండు పార్లమెంటు దాకా వినపడేలా చేశారు. అలాంటి మనిషి కూడా గవర్నరు నామినేట్ చేస్తేనే లోపలికి వెళ్లారు, ఓటు అనేదే లేదు. అటు చూస్తే పొలంలో పత్తి ఏరిన మనిషి లైన్లో నిలబడి ఓటేసి సరంగుని సభకి పంపిస్తున్నాడు. పదేళ్లే అనుకోండి.

కాకినాడ_కాజా

దుర్గగారు మద్రాసు ఎత్తారు కాబట్టి మాదీ ఒకటి. ఆ అమెరికా యుద్ధం టైములో దక్షిణాది రేవులన్నీ మూతపడి ఇంగ్లండు మిల్లులకి పత్తి రాక గగ్గోలు పెట్టారు కదా, అప్పుడే మా కాకినాడ రేవుకి దశ తిరిగింది. గుంటూరు వైపు నుంచి పత్తి వచ్చి ఇక్కడ ఓడలెక్కేది, ఆ రకానికి కాకినాడ పత్తి అనే పేరు పడిపోయింది. అక్కడ ప్లాంటర్ ఓడ పత్తి మొయ్యడం మానేసి ఫిరంగులు మోస్తుంటే ఇక్కడ మా ఊళ్లో పత్తి బేళ్లు. ఇంతే, ఊరికే గుర్తొచ్చింది, కానివ్వండి.

నిజం_నిష్ఠూరం

అందరూ హారతులిస్తున్నారు గానీ లంచం కేసు మాట ఎవరూ ఎత్తరేంటి? సెనేట్‌లో ప్రింటింగ్ కమిటీకి చైర్మన్‌గా ఉండి ప్రభుత్వ ముద్రణ కాంట్రాక్టు కోసం 5000 డాలర్లు తీసుకున్నాడని 1877లో కోర్టు తేల్చి మూడేళ్లు శిక్ష వేసింది. రాష్ట్ర సుప్రీం కోర్టు కూడా సమర్థించింది. ఆ కాలం సౌత్ కరోలినా ప్రభుత్వం అవినీతి మామూలుది కాదు, రైల్వే బాండ్లు, భూమి కమిషన్, ప్రింటింగ్ బిల్లులు, అన్నిట్లోనూ తిన్నారు, అందులో నల్లవాళ్లూ ఉన్నారు తెల్లవాళ్లూ ఉన్నారు. వీరుడైతే లెక్క అడగకూడదా?

కడపోడు

అడగొచ్చునప్పా, ఎవరు గాదన్నారు. కానీ కేసు ఎప్పుడు పెట్టినారో సూడు. ఆయప్ప సెనేట్‌లో ఉన్నెప్పుడు పెట్టల్యా. 1877లో ఢిల్లీ, అదే వాషింగ్టన్ వాళ్లు, యుద్ధం అయినప్పుట్నుంచి ఆడ పెట్టిన సైన్యాన్ని వెనక్కి తీసుకున్యాక, పాతోళ్లు, అంటే తెల్లోళ్ల డెమోక్రాట్లు, మళ్లీ గద్దె మీదికొచ్చినాక పెట్నారు. అప్పుటికి ఆయప్ప కాంగ్రెస్ మెంబరు. ముఖ్య సాక్షి ఎవురు? సెనేట్ క్లర్కు వుడ్రఫ్, ఆ ప్రింటింగ్ కంపెనీ నడిపిందే వాడు, దొంగతనం వాడిదే, నీమింద కేసుండదు మేం చెప్పినట్ల చెప్పు అంటే వచ్చి చెప్పినాడు. మా సీమలో ఇట్లాంటి కేసుల్ని మేం కొత్తగా సూడాల్సిన పన్లేదు. పార్టీ మారితే పాత ఫైళ్లు లేస్తాయి, మారకపోతే నిద్రపోతాయి.

ఇంగోటి, ఆ కేసు ఎట్ల ముగిసిందో సెప్పలేదు నువ్వు. 1879లో గవర్నరు సింప్సనే క్షమాభిక్ష ఇచ్చినాడు. ఊరికే కాదు. ఎన్నికల్లో అరాచకం చేసిన డెమోక్రాట్ల మింద కేంద్రం పెట్టిన కేసులు వాళ్లు ఇడిసిపెట్టాల, స్మాల్స్‌ను వీళ్లు ఇడిసిపెట్టాల. బేరం. ఆ తీర్పు మింద వాళ్లకే నమ్మకం ఉంటే బేరానికి పెడతారా?

నిజం_నిష్ఠూరం

బేరానికి పెట్టారు కాబట్టి కడిగిన ముత్యం అయిపోడు కదా బ్రదర్. కేసు రాజకీయంగా పెట్టారు, ఒప్పుకుంటా. రాజకీయంగా పెట్టిన కేసులో కూడా తిని ఉండొచ్చు, రెండూ ఒకేసారి నిజం కావచ్చు. నేననేది అంతే.

డేటా_దుర్గ

@నిజం_నిష్ఠూరం ఇది న్యాయమైన మాట. నా లెక్క మాత్రం కొంచెం వేరు. అవినీతి అవినీతి అని గోల చేసిన భూస్వాములు 1871లోనూ 1874లోనూ 'పన్ను కట్టేవాళ్ల సభ' అని పెట్టుకున్నారు. వాళ్ల కడుపుమంట సగం దొంగ బిల్లుల మీద, సగం బడులకి కట్టాల్సిన పన్ను మీద. యుద్ధానికి ముందు భూమి మీద పన్ను నామమాత్రం, బడి లేదు ఆసుపత్రి లేదు, ఖర్చేముంది. బడులు పెట్టాక పన్ను పెరక్క ఏమవుతుంది? తర్వాత రాసిన పుస్తకాల్లో ఏళ్ల తరబడి బిల్లులే మిగిలాయి, బళ్లు కనపడలేదు.

ఓరుగల్లు_పోరడు

అక్కా గీ మాట నచ్చింది నాకు.

మరి గద్దె మీదికి పాతోళ్లు మళ్ల ఎట్లొచ్చిండ్రు? మెజారిటీ నల్లోళ్లదే గదా, ఓట్లేస్తే అయిపాయె గద.

షార్లెట్_శీను

తమ్ముడూ అక్కడే ఉంది కష్టమంతా. మొదటిది తుపాకీ. 1876లో ఎర్ర చొక్కాల వాళ్లు, రెడ్ షర్ట్స్ అంటారు, గుర్రాల మీద ఊళ్ల మీద పడ్డారు. ఆ జులైలో హాంబర్గ్ అనే ఊళ్లో నల్లవాళ్ల మిలీషియా (రాష్ట్రం పెట్టిన సాయుధ దళం) మీద పడి, లొంగిపోయినవాళ్లని కూడా కాల్చి చంపారు. అందులో నేనున్నాను అని తర్వాత రోజుల్లో గొప్పగా చెప్పుకున్నవాడు బెన్ టిల్మన్, ఈ పేరు గుర్తుపెట్టుకో.

1878లో గిలిసన్‌విల్ అనే చోట స్మాల్స్ మీటింగ్ పెడితే వందల మంది ఎర్ర చొక్కాలు వచ్చి చుట్టుముట్టారు. ఇతను తన వాళ్లతో ఒక కొట్లో దూరి తలుపులేసుకున్నాడు, బయట నుంచి తుపాకులు పేలుస్తున్నారు. కబురు చుట్టుపక్కల పల్లెలకి పాకింది. పొలాల్లోంచి మగాళ్లు తుపాకులు పట్టుకుని, ఆడవాళ్లు గొడ్డళ్లు, పారలు పట్టుకుని వచ్చేశారు. ఎర్ర చొక్కాల వాళ్లు జారుకున్నారు. ఆడవాళ్ల సంగతి చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ వాళ్ల ఊరు గుర్తొచ్చింది, కారణం చెప్పలేను.

రెండోది, గీతలు గీయడం. జిల్లాలు ముక్కలు చేసి నల్లవాళ్లున్న ఊళ్లన్నీ దండ గుచ్చినట్టు కలిపి ఒకే నియోజకవర్గంలో కుక్కారు, మిగతా అన్నీ తెల్లవాళ్లకి సేఫ్ అయ్యేలా. బూటు లేసులా సన్నగా పొడుగ్గా ఉంటుంది మ్యాపులో.

మూడోది దుర్గగారు బాగా చెప్తారు, ఎనిమిది డబ్బాలు.

డేటా_దుర్గ

చెప్తా, ఇది నాకు ఇష్టమైన దుర్మార్గం.

1882లో చట్టం చేశారు, ఎనిమిది డబ్బాల చట్టం. బూత్‌లోకి వెళ్తే ఒక డబ్బా కాదు. గవర్నరుకి ఒకటి, రాష్ట్ర సెనేటర్‌కి ఒకటి, కాంగ్రెస్‌కి ఒకటి, ఇలా వేరువేరుగా. డబ్బా మీద పేరు రాసుంటుంది. చీటీ తప్పు డబ్బాలో పడితే చెల్లదు. చదవడం వస్తే ఇబ్బంది లేదు, రాకపోతే ఏది ఏమిటో తెలీదు. బయట ఎవరో చదువొచ్చినవాడు ఎడం నుంచి మూడోది అని చెప్పి పంపిస్తాడేమోనని డబ్బాల వరస మారుస్తూ ఉండేవాళ్లు. చదువురాని తెల్లవాడొస్తే లోపలున్న అధికారి నెమ్మదిగా చెప్పి పంపిస్తాడు.

ఇప్పుడు 1868 బడి తీర్మానం గుర్తు తెచ్చుకోండి. చదువు నేర్పితే జైలు అని వాళ్లే చట్టం చేశారు, తర్వాత చదువు రాలేదని ఓటు వాళ్లే తీశారు.

కోనసీమ_కొబ్బరాకు

మన దగ్గర 1952 ఎన్నికల్లో కూడా ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టారండి, పెట్టె మీద ఎడ్లజత, గుడిసె, ఇలా బొమ్మలంటించి. మా తాతగారు చెప్పేవారు. అదే పెట్టెల సంగతి, చదువురాని మనిషి కూడా ఓటెయ్యాలని మనవాళ్లు బొమ్మ పెట్టారు, వెయ్యకూడదని వాళ్లు అక్షరం పెట్టారు.

కడపోడు

కొబ్బరాకూ, సరిగ్గా పట్టినావు.

వైజాగ్_వాణి

లేటుగా వచ్చాను, అంతా చదివాను. ఇంత చెప్పుకుని వరి కోతల సమ్మె వదిలేశారేంటి! నాకు ఆయన మీద గౌరవం అక్కడ పెరిగింది.

1876 ఆగస్టు, కంబాహీ నది పక్కన వరి పొలాలు. కూలీలు పని మానేశారు. ఎందుకంటే కూలి డబ్బుల్లో ఇవ్వరు, చీటీల్లో ఇస్తారు. ఆ చీటీలు ఆ పొలం యజమాని కొట్లోనే చెల్లుతాయి, అక్కడ ధరలేమో వాడి ఇష్టం. పని చేస్తామన్న తోటివాళ్లని కూడా సమ్మె చేసేవాళ్లు కొట్టి ఆపారు, అది కూడా జరిగింది, దాచక్కర్లేదు. పొలాల యజమానులు సైన్యాన్ని పంపమన్నారు. గవర్నరు చాంబర్లిన్ స్మాల్స్‌ని పంపాడు. ఆయన అప్పుడు కాంగ్రెస్ మెంబరు. వెళ్లి వందల మంది సమ్మెదార్ల మధ్య నిలబడి మాట్లాడాడు. ఇంకొకర్ని కొట్టొద్దు, మిమ్మల్ని వారంట్ మీద అడిగితే లొంగిపోండి అని వాళ్లకి చెప్పాడు, కూలి డబ్బుల్లో ఇవ్వాల్సిందే అని యజమానులకి. పది మంది నాయకులు ఆయన మాట మీద తుపాకుల్లేకుండా నడుచుకుంటూ బ్యూఫర్ట్ వచ్చి లొంగిపోయారు, కోర్టు కేసు కొట్టేసింది. ఒక్క ప్రాణం పోలేదు. అదే ఆగస్టుకి ముందు నెలే హాంబర్గ్ అయింది, గుర్తుంచుకోండి.

నేను పెరిగిన చోట ఒక ఎస్టేట్‌లో ఇలాగే కూపన్లు ఇచ్చేవాళ్లు, పేరు వద్దులెండి. ఆ కూపన్ ఇచ్చి మా అత్త తెచ్చిన కందిపప్పులో రాళ్లు ఏరడం నా డ్యూటీ. అందుకే ఈ ముచ్చట నాకు అంత బాగా గుర్తు.

నిజం_నిష్ఠూరం

వాణిగారూ ఇది నాకు తెలీదు. థ్యాంక్స్. లంచం మీద నా మాట మార్చుకోను గానీ ఇది తెలీదు.

కోనసీమ_కొబ్బరాకు

శీనుగారూ ఆ ఇల్లు సంగతి సగంలో వదిలేశారు. పాత ఓనర్లు ఊరుకున్నారా?

షార్లెట్_శీను

ఊరుకోలేదు. మెకీ యుద్ధానికి ముందే ఆ ఇంటిని డి ట్రెవిల్ అనే వాళ్లకి అమ్మేశాడు, వాళ్లు కేసు వేశారు, ఆ వేలమే చెల్లదని. అది వాషింగ్టన్ సుప్రీం కోర్టు దాకా వెళ్లి 1878లో స్మాల్స్ గెలిచాడు. ఈయన ఒక్కడి ఇల్లు కాదు, అలా పన్ను వేలంలో చిన్న చిన్న ముక్కలు కొనుక్కున్న బ్యూఫర్ట్ నల్లవాళ్లందరి భూములూ ఆ తీర్పుతో నిలబడ్డాయి.

ఇంకో కథ కూడా చెప్తారు ఊళ్లో. మెకీ భార్య ముసలితనంలో మతి తప్పి ఆ ఇంటికి వచ్చేసి ఇది నా ఇల్లే అనుకుని లోపలికి నడిచిందట, ఈయన ఆవిడ్ని వెళ్లగొట్టకుండా ఆవిడ పాత గది ఆవిడకిచ్చాడట. ఊళ్లో చెప్పుకునే మాటగానే తీసుకోండి.

ఓరుగల్లు_పోరడు

టిల్మన్ పేరు యాద్ వెట్టుకోమన్నవ్ అన్నా, ఏమాయె వానిది.

షార్లెట్_శీను

ఆ, టిల్మన్లు ఇద్దరు. అన్న జార్జ్ టిల్మన్, 1880 ఎన్నికలో స్మాల్స్ మీద గెలిచాడన్నారు, స్మాల్స్ ఆ ఎన్నిక దొంగదని కాంగ్రెస్‌లో సవాల్ చేసి 1882 జులైలో ఆ సీటు తెచ్చుకున్నాడు. తమ్ముడు బెన్, ఆ హాంబర్గ్ మనిషి, గవర్నరయ్యాడు, తర్వాత సెనేటర్. 1895లో నల్లవాళ్ల ఓటు పూర్తిగా తీసెయ్యడానికి మళ్లీ కొత్త రాజ్యాంగం రాయాలని కొలంబియాలో సభ పెట్టించింది వాడే. 160 మందిలో నల్లవాళ్లు ఆరుగురు. ఆ ఆరుగురిలో ఐదుగురు బ్యూఫర్ట్ వాళ్లు. ఒకడు స్మాల్స్, అప్పటికి 56 ఏళ్లు.

సభలో తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ మధ్య పెళ్లిళ్లు నిషేధించాలని చర్చ వచ్చింది. స్మాల్స్ లేచి ఒక సవరణ పెట్టాడు. సరే, అలాగే నల్లజాతి స్త్రీతో కాపరం పెట్టిన తెల్లవాడు ఎవడైనా సరే ఏ ప్రభుత్వ పదవికీ పనికిరాడని రాయండి, పుట్టిన పిల్లలకి తండ్రి పేరూ ఆస్తీ ఇవ్వమని రాయండి అన్నాడు. సభలో ఒక్కొక్కడి మొహం ఎలా అయ్యుంటుందో ఊహించుకోవచ్చు. స్మాల్స్ సొంత తండ్రి ఎవరో పేరు ఏ కాగితం మీదా లేదు, తెల్లవాడని మాత్రం అందరూ అనుకునేవాళ్లు. సవరణ ఓడిపోయింది.

కడపోడు

ఓడిపోకుండా ఎట్లుంటాది, సగం సభ ఖాళీ అయిపోదూ 😂

వైజాగ్_వాణి

ఆ సభలోనే ఆయన అన్నది నాకు నోటికొచ్చు. మా జాతికి ప్రత్యేకమైన వకాల్తా అక్కర్లేదు, ఈ దేశంలో మేం ఎవరికీ తీసిపోమని మా గతమే చెప్తుంది, బతుకు పోరాటంలో మాకు సమానమైన అవకాశం ఇవ్వండి చాలు అని. నా తెలుగు కాస్త అటూ ఇటూ ఉంటే క్షమించండి.

డేటా_దుర్గ

ఇప్పుడు కొలంబియాలో రాష్ట్ర సభ ఆవరణలో బెన్ టిల్మన్ విగ్రహం ఉంది, 1940లో పెట్టింది. స్మాల్స్‌కి ఒకటి కట్టాలని 2024లో చట్టం చేశారు. నేవీ వాళ్లు 2023లో ఒక యుద్ధనౌకకి పేరు మార్చి యూఎస్ఎస్ రాబర్ట్ స్మాల్స్ అని పెట్టారు. మళ్లీ ఓడే చూశారా శీనుగారూ 🙂

షార్లెట్_శీను

అదే నా బాధ దుర్గగారూ! బడికి పెట్టొచ్చు కదా పేరు... అంటే పెట్టారు, బ్యూఫర్ట్‌లో ఒక స్కూలుకి ఆయన పేరుంది, అది చూసి సంతోషించా.

కోనసీమ_కొబ్బరాకు

ఆ రెండో రాజ్యాంగం పాసైపోయిందా అండి చివరికి?

షార్లెట్_శీను

పాసైంది. ఓటు పోయింది. సంతకాలు పెట్టమంటే స్మాల్స్ పెట్టనన్నాడు. సంతకం పెట్టకపోతే ఇంటికి పోవడానికి ప్రయాణ ఖర్చులు రావన్నారు. అయితే బ్యూఫర్ట్ దాకా నడిచి పోతానన్నాడు.

ఆ తర్వాత బ్యూఫర్ట్ రేవులోనే కస్టమ్స్ కలెక్టరుగా చేశాడు, 1913లో అధ్యక్షుడు విల్సన్ ప్రభుత్వం వచ్చాక ఆ పోస్టూ తీసేశారు. 1915 ఫిబ్రవరి 23న అదే ఇంట్లో పోయాడు.

ఓరుగల్లు_పోరడు

కొలంబియా నుంచి ఆ ఊరికి ఎంత దూరమన్నా?

షార్లెట్_శీను

రోడ్డు మీద రెండొందల కిలోమీటర్ల పైమాటే. మేం కార్లో రెండున్నర గంటలు పోయాం, మధ్యలో మావాడు మూడుసార్లు ఇంకెంత దూరం అని అడిగాడు.